పద్యం ముందు, టీక తరువాత: లింకుల మధ్య ఏకాగ్రతతో చదవడం ఎలా?

కిందటి వేసవిలో ఒక సాయంత్రం మా అక్క కొడుకును కలవడానికి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లాను. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న ఆ పిల్లవాడు ఫోనులో 1908 నాటి మూసీ వరద గురించిన వ్యాసం తెరుచుకొని ఉన్నాడు. మాట్లాడి చదువు చెడగొట్టడం ఎందుకని నేను పక్కన కూర్చొని, అతని బొటనవేలు ఎటు కదులుతోందో చూస్తూ ఉండిపోయాను. రెండో పేరాలో మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు నీలిరంగులో కనిపించగానే దాన్ని నొక్కాడు. ఆరో నిజాం చిన్నతనంలో పాలన నడిపిన సాలార్‌జంగ్ దగ్గరికి, అక్కడి నుంచి ఆ వంశం పేరు మీద ఉన్న మ్యూజియానికి, మ్యూజియం నుంచి మేలిముసుగు రెబెక్కా శిల్పానికి, ఆ శిల్పం నుంచి దాన్ని చెక్కిన ఇటలీ శిల్పి బెంజోనీకి చేరుకునేసరికి నలభై నిమిషాలు గడిచాయి. టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు, ఇంతకీ ఆ రోజు నగరం ఎందుకు మునిగిందని అడిగాను. కాసేపు ఆలోచించి, "చదివినట్టే ఉంది మామా, చెప్పమంటే మాత్రం వస్తలేదు" అన్నాడు.

అతను బద్ధకస్తుడు కాడు. ఆ నలభై నిమిషాలూ తల ఎత్తకుండా చదివాడు, చదివిన ప్రతి పేజీలోనూ తెలుసుకోదగిన సంగతి ఉంది. అయితే చదవాలని కూర్చున్న వ్యాసం మాత్రం రెండో పేరా దగ్గరే ఆగిపోయింది. వెబ్‌లో వచ్చే తెలుగు వ్యాసాలను దిద్దడం చాలాకాలంగా నా పని. పదాలకు లింకులు పెట్టేదీ, తీసేసేదీ మావంటి వాళ్లమే కాబట్టి అతని సమాధానం నన్ను బాగా ఆలోచింపజేసింది. ఆ తరువాత అతనితోనూ, అతని గదిలో ఉండే మిత్రులతోనూ కూర్చొని ఒక పద్ధతి ఏర్పరచుకున్నాము. దాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చదువు ఎక్కడ తెగుతుంది

ఆనాటి వ్యాసంలోని సంగతిని ఒక వాక్యంలో చెప్పాలంటే ఇలా చెప్పవచ్చు: ఎగువన కురిసిన కుంభవృష్టికి చెరువుల కట్టలు వరుసగా తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా మూసీలోకి చేరడంతో, 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరం మునిగిపోయింది. ఈ వాక్యంలో 'మూసీ' అన్న మాటకు లింకు ఉందనుకోండి. దాన్ని నొక్కి వెళ్లిపోయిన పాఠకుడి దగ్గర వాన ఉంది, తెగిన కట్టలు ఉన్నాయి, కానీ వాటి వల్ల ఏమయిందన్నది లేదు, ఎందుకంటే ఆ క్రియ ఇంకా రాలేదు. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. అది వచ్చేదాకా ముందున్న ముక్కలన్నింటినీ మనసులో పట్టుకొని ఉండాలి. అందువల్ల తెలుగు వాక్యం నడుమ నుంచి లేచి వెళ్లడం అర్థం అందకముందే లేచి వెళ్లడమని నేను భావిస్తాను.

ఇలా పట్టుకొని ఉంచే శక్తికి పరిమితి ఉంది. ఒకే సమయంలో మనసులో నిలబెట్టుకోగల అంశాలు సుమారు నాలుగేనని నెల్సన్ కోవన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 2001లో వాదించారు. లింకు కనిపించిన ప్రతిసారీ 'వెళ్లాలా, వద్దా' అనే చిన్న నిర్ణయం ఆ కొద్దిపాటి చోటులోకే వచ్చి కూర్చుంటుంది. వెళ్లకూడదని నిర్ణయించుకున్నా ఆ నిర్ణయానికి కొంత శ్రమ పడ్డట్టే. వెళ్తే మరొకటి కూడా తోడవుతుంది. ఒక పని పూర్తి కాకుండా రెండో పనికి మళ్లినప్పుడు మొదటి పని తాలూకు శేషం మనసులో మిగిలి, రెండో పనిని కూడా బలహీనపరుస్తుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. వరద వ్యాసం సగంలో వదిలి మ్యూజియం పేజీకి వెళ్లిన మా వాడికి రెండూ సగం సగమే దక్కడానికి ఇదే కారణమని నా నమ్మకం.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. నీలిరంగే దోషి అని చాలామంది అనుకుంటారు, పరిశోధనలు మాత్రం అలా చెప్పడం లేదు. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెమ్మా ఫిట్జ్‌సిమన్స్, ఆమె సహచరులు చదువరుల కంటి కదలికలను కొలిచి, 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మాట నీలిరంగులో ఉన్నంత మాత్రాన చదువు కుంటుపడదు. లింకు పెట్టిన మాట అరుదైనదైతే మాత్రం పాఠకులు వెనక్కి వెళ్లి అంతకుముందు చదివినదాన్ని మళ్లీ చదవడం పెరిగింది. మరోవైపు, ఎర్పింగ్ ఝూ 1999లో జరిపిన ప్రయోగంలో లింకుల సంఖ్య పెరిగేకొద్దీ పాఠకుల అవగాహన తగ్గింది. డేవిడ్ మియల్, తెరెసా డాబ్సన్ 2001లో ఒకే కథను కొందరికి వరుసగా, కొందరికి లింకులతో ఇచ్చి చూడగా, లింకులతో చదివినవారిలో నూటికి 75 మంది కథను అనుసరించడం కష్టమయిందని చెప్పారు, వరుసగా చదివినవారిలో అలా అన్నవారు నూటికి పదిమంది మాత్రమే. డయానా డిస్టెఫానో, జో-ఆన్ లెఫెవ్ర్ ఇటువంటి ప్రయోగాలను 2007లో సమీక్షించి, ఎటు వెళ్లాలో నిర్ణయించుకోవలసిన భారం పెరిగిన కొద్దీ చదువు దెబ్బతింటుందని తేల్చారు. విషయంతో ముందుగా పరిచయం లేనివారికి ఈ నష్టం ఎక్కువని కూడా ఆ సమీక్షలో ఉంది. అంటే కొత్త విషయం నేర్చుకోవడానికి కూర్చున్న విద్యార్థికే అందరికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

కాబట్టి మానవలసింది లింకు వైపు చూడటం కాదు, చదువు నడుమ నిర్ణయం తీసుకోవడం, నడుమ లేచి వెళ్లడం. ఆ నిర్ణయాన్ని చదువు పూర్తయ్యాక తీసుకునేలా మార్చుకోగలిగితే లింకు మనకు ఉపకారమే చేస్తుంది.

ఇది మనకు కొత్త పద్ధతి కూడా కాదు. పాతకాలపు గురువులు కావ్యపాఠం చెప్పేటప్పుడు ముందు పద్యాన్ని ఆసాంతం చదివించేవారు, ఆ తరువాతే పదవిభాగం, ప్రతిపదార్థం, తాత్పర్యం. అచ్చు పుస్తకాల్లోనూ పద్యం పైన పెద్ద అక్షరాల్లో, టీక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పద్యంలో మూడో మాట తెలియదని మొదటి పాదంలోనే ఆగి కిందికి దిగితే పద్యం నడక చెవికి అందదు. నాలుగు పాదాలూ చదివితే, తెలియని మాటల్లో సగం సందర్భాన్ని బట్టే తేటపడతాయి. సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలో టీకాతాత్పర్య సహితమైన ఒక పాత ప్రతిని తెరిచి చూస్తే ఈ అమరిక ఎంత ఆలోచించి చేసినదో కంటికే తెలుస్తుంది. లింకు కూడా టీకే. కాకపోతే దాన్ని పద్యం లోపల, మాట మీదే అతికించారు.

మొదటి చదువు: ఏదీ నొక్కకుండా

చదవడానికి ముందు ఒక కాగితం ముక్క, పెన్ను దగ్గర పెట్టుకోండి. వ్యాసం నుంచి మీకు ఏం కావాలో దాని మీద ఒకే ప్రశ్నగా రాయండి. 'మూసీ వరద' అని శీర్షిక రాస్తే చాలదు. 'నగరం ఎందుకు మునిగింది, మళ్లీ మునగకుండా ఏం చేశారు' అని రాయాలి. ప్రశ్న రాసుకోకుండా కూర్చుంటే ప్రతి లింకూ అవసరమైనదిగానే కనిపిస్తుందన్నది మా అందరి అనుభవం. ప్రశ్న కళ్ల ముందు ఉంటే మేలిముసుగు రెబెక్కా ఎంత అందంగా ఉన్నా ఈ పూట పని కాదని తెలుస్తుంది.

తరువాత వ్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా ఏ లింకూ నొక్కకుండా చదవాలి. తెలుసుకోవాలనిపించిన మాట ఎదురైతే దాన్ని చీటీ మీద రాసి, చదువు కొనసాగించండి. ఒక్క మాట రాయండి చాలు, వివరం అక్కరలేదు. ఈ చిన్న పని వల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు. మాట కాగితం మీదికి చేరడంతో దాన్ని మరచిపోతామేమోనన్న ఆదుర్దా తగ్గుతుంది, మనసు మళ్లీ వాక్యం మీదికి వస్తుంది. ఫోనులోనే నోట్సు యాప్ ఉంది కదా అని కొందరు అడిగారు. యాప్ తెరవడమంటే మళ్లీ తెర మారడమే, అందుకని కాగితమే వాడమని చెబుతున్నాను.

కంప్యూటర్ మీద చదివేవారిలో చాలామందికి కంట్రోల్ మీట నొక్కి పట్టుకొని లింకును నొక్కే అలవాటు ఉంటుంది. అలా చేస్తే ఆ పేజీ వెనుక వేరే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, మనం ఉన్న పేజీ కదలదు. నడుమ లేచి వెళ్లడం కంటే ఇది మేలే, కానీ నేను దీన్ని మొదటి చదువుకు సిఫారసు చేయను. నిర్ణయం అప్పుడే తీసుకోవలసి వస్తుంది, పైగా పైన వరుసకట్టిన ట్యాబులు పిలుస్తూనే ఉంటాయి. ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకున్నవారు వాటిలో ఎన్నింటిని చదివారో ఒకసారి లెక్క చూసుకుంటే నా మాట అర్థమవుతుంది.

వ్యాసం పొడుగైనదైతే ప్రతి ఉపశీర్షిక దగ్గర ఆగి, తెర మీది నుంచి చూపు తిప్పి, అంతవరకు చదివినదాన్ని మీ మాటల్లో రెండు వాక్యాలుగా పైకి చెప్పుకోండి. గ్రంథాలయంలో ఉంటే పెదవులు కదిపితే చాలు. చెప్పుకోవడానికి మాట రాకపోతే ఆ భాగాన్ని మళ్లీ చదవాలి. అటువంటి సమయంలోనే లింకు నొక్కాలన్న కోరిక అన్నిటికన్నా బలంగా ఉంటుంది. అర్థం కానప్పుడు వేరే చోటికి వెళ్లాలనిపించడం సహజం. చాలాసార్లు అక్కడ కావలసింది కొత్త పేజీ కాదు, ఉన్న పేరానే రెండోసారి నెమ్మదిగా చదవడం.

రెండో చదువు: చీటీతో

మొదటి చదువు అయ్యాక చీటీ తీసి చూడండి. మా వాడు వారం తరువాత అదే వ్యాసాన్ని ఈ పద్ధతిలో చదివినప్పుడు చీటీ మీద ఏడు మాటలు రాశాడు: మహబూబ్ అలీ ఖాన్, విశ్వేశ్వరయ్య, గండిపేట, హిమాయత్‌సాగర్, ఈసీ, నగరాభివృద్ధి మండలి, చింతచెట్టు. చివరిదాకా చదివేసరికి వాటిలో నాలుగు వ్యాసంలోనే తేలిపోయాయి. వరద తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారనీ, ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారనీ, ఆ ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయనీ, గండిపేట అన్నది ఉస్మాన్‌సాగర్‌కే వాడుకలో ఉన్న పేరనీ కింది పేరాల్లోనే ఉంది. వరదలో సుమారు నూట యాభై మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందన్న సంగతీ వ్యాసంలోనే దొరికింది. ఆ నాలుగింటినీ కొట్టేశాడు. నిజాం జీవితం, నగరాభివృద్ధి మండలి ఈ పూట ప్రశ్నకు అవసరం లేదని పక్కన పెట్టాడు. మిగిలినది ఈసీ ఒక్కటే. ఆ లింకు తెరిచి, ఈసీ మూసీకి ఉపనది అనీ, హిమాయత్‌సాగర్ ఈసీ మీద, ఉస్మాన్‌సాగర్ మూసీ మీద ఉన్నాయనీ, రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద కలిసి నగరంలోకి వస్తాయనీ తెలుసుకున్నాడు. జలాశయాలు రెండు ఎందుకు కట్టవలసి వచ్చిందో వెంటనే అతనికి తట్టింది. కాగితం వెనుక రెండు గీతలు గీసి, అవి కలిసే చోట చుక్క పెట్టి, నాకు వివరించి చెప్పాడు. మొదటి సాయంత్రం అయిదు పేజీలు తిరిగినా అందని సంగతి ఒక్క లింకుతో అందింది.

చీటీ మీద మిగిలిన మాటలను ఎంచుకునేటప్పుడు మూడు విధాలుగా చూడమని చెబుతాను. మాట అర్థం కోసం వెళ్లే లింకు ఒక రకం, రచయిత చెప్పినదానికి ఆధారం చూపే లింకు మరో రకం, విషయాన్ని ముందుకు తీసుకువెళ్లే లింకు ఇంకో రకం. మొదటిదానికి ఒక నిమిషం చాలు. రెండోదాన్ని, వ్యాసంలోని మాటను మీరు పరీక్షలోనో, మరొకచోటనో ఉపయోగించబోతుంటే తప్పక తెరవాలి. ఎక్కువగా తప్పిపోయేది మూడోదానిలోనే. దాన్ని ఈ చదువులో భాగంగా కాక మరొక చదువుగా పరిగణించి, దానికి మళ్లీ ఒక చీటీ, ఒక ప్రశ్న పెట్టుకోండి.

లింకు తెరిచే ముందు, మీరు ఏ వాక్యం దగ్గర నుంచి వెళ్తున్నారో, ఏం తెలుసుకోవడానికి వెళ్తున్నారో చీటీ మీద రాయండి. తెలియగానే తిరిగి రండి. కంప్యూటర్‌లో ఆల్ట్ మీటతో పాటు ఎడమ బాణం గుర్తు నొక్కితే వెనకటి పేజీ వస్తుంది. ఆ రెండో పేజీలో కనిపించే లింకులకు మొదటి చదువు నియమమే వర్తిస్తుంది, అంటే వాటిని నొక్కకూడదు. ఒక్క మెట్టు దిగి మళ్లీ పైకి రావడం అలవాటయితే చాలు, రెండో మెట్టు దిగవలసిన అవసరం అరుదుగా వస్తుంది.

ఈ నియమాన్ని పక్కన పెట్టవలసిన సందర్భాలు

వ్యాసం ఎవరు రాశారో, ఏ సంస్థ ప్రచురించిందో తెలియనప్పుడు దాన్ని ఆసాంతం చదవడానికి ముందే బయటికి వెళ్లి చూడాలి. స్టాన్‌ఫోర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ పదిమంది చరిత్రకారులను, పదిమంది నిజనిర్ధారకులను, ఇరవై అయిదు మంది విద్యార్థులను కూర్చోబెట్టి వెబ్ పేజీలను అంచనా వేయించారు. నిజనిర్ధారకులు వచ్చిన పేజీలో ఎక్కువసేపు ఉండకుండా వేరే ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదివిన చరిత్రకారులు, విద్యార్థులు చాలాసార్లు మోసపోయారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు తెరిచినప్పుడు ఈ ఫలితం గుర్తుంచుకోవడం ఎంతో అవసరం. అయితే ఇది చదువుకు ముందు చేసే పరిశీలన. ఇది చదవదగిన వ్యాసమని తేలిన తరువాత మాత్రం మొదటి చదువు నియమానికి తిరిగి రావాలి.

రెండో సందర్భం, తెలియని మాట వల్ల వాక్యమే నిలిచిపోవడం. న్యాయశాస్త్రం, వైద్యం వంటి విషయాల్లో ఒక పారిభాషిక పదం తెలియకపోతే తరువాతి పేరా మొత్తం చీకటిగా ఉంటుంది. అప్పుడు అర్థం చూసుకోవలసిందే, వాక్యం పూర్తి చేసిన తరువాత చూసుకోండి. కంప్యూటర్‌లో వికీపీడియా చదువుతుంటే లింకు మీద మౌస్ బాణాన్ని ఉంచితే చాలు, ఆ వ్యాసం మొదటి వాక్యాలు చిన్న పెట్టెలో కనిపిస్తాయి. పేజీ వదలకుండానే పని జరుగుతుంది.

ఏదో ఒక సమాచారం వెతుక్కోవడం చదవడం కాదని కూడా చెప్పాలి. పరీక్ష తేదీ, ప్రభుత్వ ఉత్తర్వు, బస్సు వేళ వంటివాటి కోసం లింకు మీద లింకు నొక్కుతూ పోవడంలో తప్పేమీ లేదు. 1965లో టెడ్ నెల్సన్ లింకులతో అల్లిన రాతకు హైపర్‌టెక్స్ట్ అన్న పేరు పెట్టినా, 1989లో సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ కోసం ప్రతిపాదన రాసినా, చెల్లాచెదురుగా ఉన్న పత్రాలను కలపడం వారి ఉద్దేశాల్లో ముఖ్యమైనది. వెతికేవారికి లింకు చేసిన మేలు అపారం.

పరికరాన్ని సిద్ధం చేసుకోవడం

మనసు మీదే భారమంతా వేయకుండా పరికరాన్ని కూడా కొంత సర్దుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండింటిలోనూ ఎఫ్9 మీట నొక్కితే, వ్యాసం మాత్రమే కనిపించే చదువు తెర వస్తుంది. సఫారీలోనూ ఈ సదుపాయం ఉంది. పక్కన మెరిసే ప్రకటనలు, 'ఇవి కూడా చదవండి' అనే వరుసలు పోతాయి. వ్యాసం లోపలి లింకులు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయని గుర్తుంచుకోండి. ఫోనులో అక్షరాల పరిమాణం పెంచుకోవడం కూడా మేలు చేస్తుంది. తెలుగు అక్షరాలు చిన్నవిగా ఉంటే గుణింతాలు, ఒత్తులు కలిసిపోయి కళ్లు అలసిపోతాయి, తెర జరపబోయి వేలు లింకు మీద పడటం కూడా ఎక్కువవుతుంది.

అన్నింటికంటే బాగా పనిచేసేది, వ్యాసాన్ని ముందే భద్రపరచి నెట్ ఆపి చదవడం. ఆండ్రాయిడ్ ఫోనులో షేర్ మీట ద్వారా ప్రింట్ ఎంచుకొని పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. వ్యాసాలు దాచిపెట్టే సేవల మీదే ఆధారపడితే అవి మూతపడే ప్రమాదం ఉంది. ఎంతో ప్రచారంలో ఉండిన పాకెట్ 2025 జులైలో ఆగిపోయింది. పీడీఎఫ్ మన దగ్గరే ఉంటుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్లేవారికి ఒక వ్యాసాన్ని శ్రద్ధగా చదవగలిగినంత సమయం దొరుకుతుంది. మన మెట్రో అంతా వంతెనల మీదే నడుస్తుంది కాబట్టి సొరంగంలో సిగ్నల్ పోయే అవకాశం లేదు. రైలు ఎక్కగానే ఫోనును ఫ్లయిట్ మోడ్‌లో మనమే పెట్టుకోవాలి. అప్పుడు లింకును నొక్కినా ఏ పేజీ తెరుచుకోదు, రెండు మూడు రోజుల్లో వేలు దాని దగ్గరికి వెళ్లడం తగ్గుతుంది.

ముఖ్యమైన పాఠాలను కాగితం మీద అచ్చు వేయించుకోండి. అశోక్‌నగర్‌లో గదులు తీసుకొని చదివే విద్యార్థులు జిరాక్స్ షాపుల దగ్గర బారులు తీరడం చూసి కొందరు పాతకాలపు అలవాటంటారు, కానీ ఆ పిల్లల ఎంపిక సరైనదే. పాబ్లో డెల్గాడో, ఆయన సహచరులు 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను, అంటే లక్షా డెబ్బై వేలకు పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసి, కాగితం మీద చదివినవారికే అవగాహన మెరుగ్గా ఉందని 2018లో తేల్చారు. సమాచార ప్రధానమైన పాఠాలను నిర్ణీత సమయంలో చదవవలసి వచ్చినప్పుడు ఆ తేడా స్పష్టంగా ఉంది. పోటీ పరీక్షకు చదివేవారి పరిస్థితి సరిగ్గా అదే.

రాసేవారికి

పాఠకుడు ఎంత జాగ్రత్తపడినా, రాసినవారు మాట మాటకూ లింకు పెడితే ఆ జాగ్రత్తలో సగం వృథా అవుతుంది. మెదక్ ప్రాంతంలోని కొలిచెలమలో పుట్టిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ ఒక ప్రతిజ్ఞ చేశాడు: మూలంలో లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది ఏదీ చెప్పను. లింకు పెట్టేవారికి ఇంతకంటే మంచి నియమం నాకు కనబడలేదు. వరద వ్యాసంలో 'హైదరాబాదు' అన్న మాటకు లింకు అనవసరం, 'ఈసీ' అన్న మాటకు అవసరం. ఒకే మాటకు వ్యాసంలో ఒక్కసారి చాలు.

వాక్యం నడుమ కాకుండా, క్రియ పడిన తరువాత, వీలైతే పేరా చివర లింకు ఇవ్వండి. ఆధారాలన్నీ వ్యాసం చివర ఇస్తే ఇంకా మంచిది. పదం మధ్యలో లింకును తెంచకండి. 'మూసీలోకి' అన్న మాటలో 'మూసీ' నీలంగా, 'లోకి' నల్లగా కనిపిస్తే చదివేవారి కన్ను అక్కడ తట్టుకుంటుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు 'మూసీ లోకి', 'నగరం లో' అని విభక్తిని విడదీసి రాస్తున్నారు. వెబ్ తెలుగులో ఈ విరుపులు పెరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. ప్రత్యయంతో సహా పదం మొత్తానికి లింకు పెట్టడం ఏమంత కష్టమైన పని కాదు.

'ఇక్కడ నొక్కండి' అని ఎప్పుడూ రాయకండి. చూపు లేనివారు ఎన్‌వీడీఏ వంటి తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో పేజీలోని లింకులన్నింటినీ ఒక జాబితాగా తెప్పించుకొని వింటారు. ఆ జాబితాలో 'ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ' అని వినిపిస్తే ఏది ఎక్కడికి పోతుందో వారికి ఎలా తెలుస్తుంది? 'ఉస్మాన్‌సాగర్ నిర్మాణ చరిత్ర' అని రాస్తే అది వారికీ అందుతుంది, చూసి చదివేవారికి కూడా వెళ్లాలో వద్దో అక్కడే తెలుస్తుంది.

కీలకమైన సమాచారాన్ని లింకు వెనుక దాచవద్దు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో నూటికి 38 పదేళ్ల తరువాత కనిపించకుండా పోయాయని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించింది. మీరు చూపిన పేజీ రేపు లేకపోయినా మీ పేరా అర్థం కావాలి. ప్రచురించే ముందు లింకులన్నీ తీసేసి, ఆ పేరాను విషయం తెలియని ఒకరికి పైకి చదివి వినిపించండి. వారు ఎక్కడ 'అంటే ఏమిటి?' అని అడుగుతారో అక్కడ లింకు పెట్టకుండా, ముందు ఒక వాక్యం చేర్చండి.